యాసిడ్ పోసిన కొద్దీ నల్లబడే టైల్స్ సందులు

పేరు వెయ్యవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. సారాంశం ఇక్కడ ఇస్తున్నాం.

హైదరాబాద్‌లో నాలుగేళ్ళుగా ఒక అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నారు. భర్త, ఐదేళ్ళ బాబు, అత్తగారు. వాడకానికి బోరు నీళ్ళు. చేరినప్పుడు బాత్రూమ్ టైల్స్ మధ్య సందులు తెల్లగా ఉండేవి. ఇప్పుడు నేల మీద సందులన్నీ గోధుమ రంగుకు తిరిగాయి, కుళాయి కింద నారింజ రంగు చార, గోడ మూలల్లో నల్ల చుక్కలు. వంటింట్లో స్టవ్ వెనక గోడ సందులు పసుపుపచ్చ. గ్యాస్ సిలిండర్ పెట్టే చోట గుండ్రంగా తుప్పు మచ్చ. అత్తగారు పదిహేను రోజులకోసారి బాత్రూమ్‌లో యాసిడ్ పోసి చీపురుతో రుద్దిస్తారు. ఆ రోజు తెల్లగా మెరుస్తుంది, వారం తిరగకుండానే ముందుకంటే నల్లగా తయారవుతుంది. కుళాయిల మెరుపు పోయింది. యాసిడ్ పోసిన రోజు బాబు దగ్గుతూనే ఉంటాడు. వద్దంటే, "మీకు కడగడం చేతకాక యాసిడ్ మీద నెపం పెడుతున్నారు" అని అత్తగారి మాట. వంట సోడా, వెనిగర్ కలిపి పోసి చూశారు, బుసబుస పొంగింది తప్ప ఫలితం లేదు. ఆరు వారాల్లో ఇల్లు ఖాళీ చేయాలి. టైల్స్ పాడుచేశారు కాబట్టి అడ్వాన్సులో 20 వేలు కోస్తానని ఓనర్ అంటున్నారు. "నేనే శుభ్రం చేసుకోనా, మేస్త్రీని పిలవనా, డబ్బు వదిలేసుకోనా? అత్తయ్యతో గొడవ లేకుండా యాసిడ్ ఎలా ఆపించను?" అని అడిగారు.

సమాధానం:

మీకు కడగడం చేతకాక కాదు. మీ ఇంట్లో ఉన్నది ఒక మరక కాదు, కనీసం ఐదు రకాలు. వాటన్నిటికీ ఒకే మందు వాడుతున్నారు, అదీ సందుకే హాని చేసే మందు. అందుకని డబ్బు సంగతి, అత్తగారి సంగతి చూసే ముందు మరకల సంగతి తేల్చుకుందాం. అది తేలితే మిగతా రెండూ సగం తేలిపోతాయి.

టైల్ పైభాగం గాజులాంటి పూత, దేన్నీ పీల్చుకోదు. సందులో నింపేది సిమెంట్. మన దగ్గర పాత ఫ్లాట్లలో చాలా వరకు అది ఉత్త వైట్ సిమెంటే, కొత్త వాటిలో పాలిమర్ కలిపిన గ్రౌట్, అంటే సందులు నింపడానికే అమ్మే సిమెంట్ పొడి. ఏదైనా సరే లోపల సన్నని రంధ్రాలుంటాయి, ఎండిన అటుకుల్లా తడిని పీల్చుకుంటుంది. బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. సిమెంట్‌ను గట్టిగా పట్టి ఉంచే కాల్షియం పదార్థాలను అది కరిగిస్తుంది. యాసిడ్ పోసిన రోజు మీకు కనిపించే తెలుపు మరక వదిలిన తెలుపు కాదు. పై పొర మరకతో సహా కరిగిపోయి, కింది పొర బయటపడిన తెలుపు. ఆ కొత్త పొర గరుకుగా ఉంటుంది, రంధ్రాలు ఇంకా పెద్దవి. పైగా ఈ చర్యలో పుట్టే కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను లాగే గుణం ఉన్న ఉప్పు. సరిగా కడిగిపోకపోతే సందును చెమ్మగా ఉంచుతుంది. గరుకుదనానికి చెమ్మ తోడైతే మురికి పట్టడానికి వారం ఎక్కువే. పదిహేను రోజులకోసారి పోస్తూ వచ్చారు కాబట్టి మీ సందులు ఈపాటికి టైల్ అంచు కంటే లోతుకు దిగిపోయి ఉండాలి. కుళాయిల మెరుపు తీసింది కూడా యాసిడ్ నుంచి లేచే ఆవిరే. బాబు దగ్గుకూ అదే కారణం కావచ్చు. ఆ ఆవిరి గొంతును, ఊపిరి గొట్టాలను మండిస్తుంది. యాసిడ్ మానేశాక కూడా దగ్గు, పిల్లికూత ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

సోడా, వెనిగర్ ఎందుకు పనిచేయలేదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ చిట్కా అందరి నోటా ఉంది. ఒకటి క్షారం, ఇంకొకటి ఆమ్లం. కలిస్తే ఒకదాని బలాన్ని ఇంకొకటి తినేస్తుంది. పొంగింది కార్బన్ డయాక్సైడ్, మిగిలింది కొంచెం ఉప్పు నీళ్ళు. విడివిడిగా దేని పని అది చేస్తుంది, కలిపితే రెండూ వృథా.

ఇప్పుడు పరీక్షలు. పావుగంట చాలు, డబ్బు ఖర్చు లేదు. మొదట తాళంచెవి కొనతో నాలుగైదు చోట్ల సందును గీకండి. గట్టిగా ఉండి గీత మాత్రమే పడితే ఆ సందు బతికే ఉంది, శుభ్రం చేయవచ్చు. ఇసుకలా, సుద్దలా రాలితే అది ఇక మరక సమస్య కాదు. ఎంత రుద్దినా తెల్లబడదు, రుద్దిన కొద్దీ రాలుతుంది. ఏ ఏ చోట్ల రాలిందో గుర్తు పెట్టుకోండి, తర్వాతి నిర్ణయమంతా దాని మీదే ఆధారపడుతుంది. రెండోది, నల్ల చుక్కల మీద బ్లీచ్‌లో ముంచిన దూది అయిదు నిమిషాలు ఉంచండి. పాలిపోతే అది బూజు. ఏమీ మారకపోతే జిడ్డు, మురికి. మూడోది, గోధుమ రంగు ఎక్కడుందో చూడండి. కుళాయి కింద మొదలై నీళ్ళు పారే దారి వెంట జాలీ వరకు ఉంటే బోరు నీళ్ళలోని ఇనుము. నడిచే చోటంతా సమానంగా ఉంటే సబ్బు, ఒంటి జిడ్డు, దుమ్ము కలిసిన మురికి. నాలుగోది, టైల్ మీద తెల్లని గార ఉంటే ఒక చుక్క నిమ్మరసం వేయండి. నురగ వస్తే నీళ్ళ ఉప్పు. ఈ పరీక్ష టైల్ పైభాగం మీద మాత్రమే చేయండి. సందు మీద చేస్తే సిమెంటే నురగ కక్కుతుంది, పరీక్ష అబద్ధం చెబుతుంది.

పని ఎప్పుడూ జిడ్డు తీయడంతో మొదలవ్వాలి. జిడ్డు పొర ఉండగా ఏ మందూ లోపలికి దిగదు. లీటరు వేడి నీళ్ళలో రెండు పెద్ద చెంచాల వాషింగ్ సోడా (వంట సోడా కాదు, కిరాణాలో బట్టల సోడా అని అడగండి), నాలుగు చుక్కల గిన్నెల లిక్విడ్ కలపండి. చేతికి గ్లోవ్స్ వేసుకుని సందుల మీద పోసి పది నిమిషాలు ఆగండి. తర్వాత గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దండి, పాత టూత్‌బ్రష్ కూడా చాలు. ఇనుప పీచు, వైర్ బ్రష్ వద్దు. వాటి నుంచి తెగిన సన్నని ముక్కలు సందులో ఇరుక్కుని తుప్పు పట్టి కొత్త మరకలు పెడతాయి. రుద్దిన మురికి నీళ్ళను అక్కడే ఆరనివ్వకండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. బ్రష్ లేపిన మురికి నీళ్ళతో పాటు తిరిగి సందులోకే దిగుతుంది. వైపర్‌తో లాగి, పొడిగుడ్డతో ఒత్తి, మంచి నీళ్ళతో రెండుసార్లు కడగండి. బాత్రూమ్ నేల గోధుమ రంగు నడిచే చోటంతా ఉన్నదే అయితే సగానికి పైగా ఈ ఒక్క పనితోనే వదులుతుంది.

స్టవ్ వెనక పసుపు మరకకు ఈ సోడా నీళ్ళు తగలగానే ఎర్రబడుతుంది. కంగారు పడకండి. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎరుపుకు తిరుగుతుంది, కుంకుమ చేసేది కూడా ఈ గుణంతోనే. నూనె పోయాక రంగును విరగ్గొట్టాలి. బట్టల మరకలకు అమ్మే ఆక్సిజన్ బ్లీచ్ పొడి తీసుకోండి. డబ్బా వెనక సోడియం పర్‌కార్బొనేట్ అని ఉండాలి. లీటరు వేడి నీళ్ళకు రెండు పెద్ద చెంచాలు. చెయ్యి పెట్టలేనంత వేడి అవసరం లేదు, చల్లని నీళ్ళలో మాత్రం బద్ధకంగా పనిచేస్తుంది. గోడ మీద కారిపోతుంది కాబట్టి టిష్యూ కాగితాన్ని పేలికలుగా చుట్టి, అందులో ముంచి, సందుల వెంట అతికించండి. అరగంట తడి ఆరకుండా చూడండి. తర్వాత రుద్ది కడగండి. ఒక్కసారికి పోకపోతే మర్నాడు ఇంకోసారి. కిటికీలోంచి ఎండ తగిలే గోడైతే మిగిలిన లేత పసుపు కొన్నాళ్ళకు దానంతటదే పాలిపోతుంది, పసుపు రంగు వెలుతురుకు నిలవదు. కలిపిన నీళ్ళు మిగిలితే పారబోయండి. సీసాలో పోసి మూత బిగిస్తే లోపల ఆక్సిజన్ పుడుతూ సీసా ఉబ్బి పగలవచ్చు.

సిలిండర్ మచ్చకు, కుళాయి కింది నారింజ చారకు బ్లీచ్ పొరపాటున కూడా వద్దు. ఇనుము మరకను అది తీయదు సరికదా, ఇంకా ముదరబెడుతుంది. దీనికి ఇనుమును పట్టుకుని నీళ్ళలోకి లాగే ఆమ్లం కావాలి. తేలికైనది నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్. పావు లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక పెద్ద చెంచా. బలమైనది ఆక్సాలిక్ యాసిడ్, మార్బుల్ పాలిష్ సామాను అమ్మే చోట దొరుకుతుంది. 100 మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక చిన్న చెంచా చాలు. ఇది కడుపులోకి పోతే విషం. ఐదేళ్ళ పిల్లవాడున్న ఇంట్లో వంటింట్లో కలిపి పెట్టవద్దు, వంట చెంచా వాడవద్దు, మిగిలిన పొడిని ఇంట్లో దాచవద్దు. నా మట్టుకు మీ ఇంటికి ముందు నిమ్మ ఉప్పే చెబుతాను. రెండు మూడుసార్లు పట్టినా సరే. ఏది వాడినా ముందు సందును మామూలు నీళ్ళతో బాగా తడపండి. రంధ్రాలు నీళ్ళతో నిండి ఉంటే ఆమ్లం లోతుకు దిగదు, పైన ఉన్న మరక మీదే పనిచేస్తుంది. అయిదు నిమిషాలకు మించి ఉంచకుండా రుద్ది, కడిగి, చివర మగ్గు నీళ్ళలో ఒక చెంచా వంట సోడా కలిపి పోసి, మళ్ళీ కడగండి. సోడాకు ఇదీ సరైన చోటు. మరి ఇదీ ఆమ్లమే కదా, సిమెంట్‌ను తినదా అంటే, కొంచెం తింటుంది. అందుకే మచ్చ ఉన్న చోట మాత్రమే, ఆ కాసేపు మాత్రమే. సిలిండర్ కింద మళ్ళీ మచ్చ పడకుండా చక్రాల ప్లాస్టిక్ ట్రాలీ పెట్టండి.

మూలల్లోని నల్ల చుక్కలు బూజే అని తేలితే, ఇంట్లో వాడే లిక్విడ్ బ్లీచ్ ఒక వంతుకు పది వంతుల నీళ్ళు కలిపి, కిటికీ తెరిచి, పది నిమిషాలు ఉంచి కడగండి. ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని ఇంట్లో అందరూ వినాలి. బ్లీచ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదకు తెస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో చాలా వాటిలో ఉండేది కూడా హైడ్రోక్లోరిక్ యాసిడే, సీసా వెనక చదవండి. నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా బ్లీచ్‌తో కలవకూడదు. యాసిడ్ వాడిన రోజు బ్లీచ్ వద్దు. సందుల్లో ఇంకిన యాసిడ్ ఒక్క కడుగుతో పోదు. సోడా నీళ్ళతో కడిగి, ఒక రోజు వదిలి, అప్పుడు బ్లీచ్. మూలల్లో ఉన్నది సిమెంట్ కాక రబ్బరులాంటి సిలికాన్ అయితే బూజు దాని లోపలికి దిగి ఉంటుంది. అది ఏ బ్లీచ్‌కూ లొంగదు. బ్లేడుతో కోసి తీసి కొత్తది వేయడమే.

ఇక నిర్ణయం. తాళంచెవి పరీక్షలో ఎక్కువ చోట్ల గట్టిగా ఉంటే మీరే చేసుకోండి. రెండు ఆదివారాల పని, సామాను ఖర్చు కొన్ని వందల రూపాయలు. సందులు కొత్తవాటిలా కావు, నాలుగేళ్ళు వాడిన శుభ్రమైన ఇంటిలా అవుతాయి. ఓనర్ అడగడానికి హక్కున్నది అంతే. శుభ్రం చేసి పూర్తిగా ఆరాక, రెండు మూడు రోజులకు, గ్రౌట్ సీలర్ సన్నని బ్రష్‌తో పూస్తే నీళ్ళు ఇంకడం తగ్గుతుంది. తడి మీద పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని పాలపొరలా తెల్లబడుతుంది.

నా అంచనాలో వంటిల్లు ఇలా బాగుపడుతుంది, బాత్రూమ్ నేల మాత్రం రాలుతుంది. అలా రాలిన చోట సందు తీసి కొత్త గ్రౌట్ నింపాలి. పాతదాన్ని టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతుకైనా గీకాలి. పైపైన పూస్తే కొన్ని నెలల్లో పెచ్చులుగా లేస్తుంది. మేస్త్రీ కటింగ్ మెషిన్ తెస్తానంటే అంచులు పగులుతాయి, చేతి గ్రౌట్ రంపంతో తీయమనండి. సామాను మరీ ఎక్కువ కాదు. అడుగు టైల్స్, 3 మిల్లీమీటర్ల సందు, 5 మిల్లీమీటర్ల లోతు అనుకుంటే చదరపు మీటరుకు 160 గ్రాములు. 40 చదరపు అడుగుల బాత్రూమ్ నేలకు 600 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ సరిపోతుంది. కూలీయే అసలు ఖర్చు. "వైట్ సిమెంట్ పెట్టేద్దామమ్మా" అంటే ఒప్పుకోకండి. అది ఆరేటప్పుడు ముడుచుకుని వెంట్రుకవాసి పగుళ్ళిస్తుంది, మళ్ళీ ఇదే కథ. పాలిమర్ ఉన్న గ్రౌట్ ప్యాకెట్ మీరే కొనివ్వండి. నీళ్ళు ప్యాకెట్ మీద రాసినన్నే. పలచగా కలిపితే పని సులువు కానీ రంగు చారలు చారలుగా వస్తుంది, సూది రంధ్రాలు పడతాయి. తుడిచే స్పాంజి పిండి వాడాలి, నీళ్ళు కారుతుంటే రంగు కడిగేసుకుపోతుంది. ఒక రోజంతా బాత్రూమ్‌లో నీళ్ళు పడకూడదు, కాబట్టి ఇంట్లో ఒకటే బాత్రూమ్ అయితే ముందే ఏర్పాటు చూసుకోండి.

సిమెంట్ బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ గురించి కూడా మేస్త్రీ చెబుతాడు. మరక పట్టదు, నీళ్ళు ఇంకవు, నిజమే. కానీ ఖరీదు ఎన్నో రెట్లు, సందు పూర్తిగా ఆరి ఉండాలి, టైల్ మీద పడింది గట్టిపడేలోగా తుడవకపోతే ఆ మసక ఇక పోదు. వదిలి వెళ్ళే ఇంటికి ఆ ఖర్చు మీరు పెట్టుకోవడం న్యాయం కాదు. ఓనర్ తేడా భరిస్తానంటే వేయించండి. తెల్ల గ్రౌట్ పెన్నుతో గీసేసి తాళాలిచ్చేయడమూ ఒక దారే, మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెబుతారు. జిడ్డు మీద అది నెలకే ఊడుతుంది, తర్వాత వచ్చేవాళ్ళతో ఓనర్‌కు, ఓనర్‌తో మీకు మాట వస్తుంది. నేను చెప్పను.

ఓనర్‌తో మాట్లాడేటప్పుడు మొత్తం తప్పు మీదే అని ఒప్పుకోవద్దు, అసలు లేదనీ అనవద్దు. బోరు నీళ్ళ ఇనుము మీది కాదు. నాలుగేళ్ళ వాడకానికి వచ్చే మామూలు మాపూ మీది కాదు. యాసిడ్ తిన్న సందులు మాత్రం మీ ఇంట్లో జరిగిన నష్టమే, దానికి బాధ్యత తీసుకోవడం ధర్మం. ముందు అగ్రిమెంట్ తీసి శుభ్రత, మరమ్మతుల గురించి ఏం రాసుందో చదవండి. 20 వేలు దేనికెంత అని లెక్క అడగండి. మీరూ ఒక మేస్త్రీతో రేటు మాట్లాడించి, "వంటిల్లు మేం శుభ్రం చేసిస్తాం, బాత్రూమ్ నేల సందులు మా ఖర్చుతో నింపిస్తాం, రంగు మీరు చెప్పండి" అనండి. ఆయన సరేనంటే ఆ మాట వాట్సాప్‌లో రాసి ఉండేలా చూసుకోండి. పనికి ముందూ తర్వాతా ఫొటోలు తీయండి. ఆయన తన మేస్త్రీతోనే చేయించుకుంటానంటే అభ్యంతరం చెప్పకండి, అయితే కోత బిల్లు ప్రకారమే ఉండాలని అడగండి. ఆరు వారాల్లో బాబును, సామానును, ఇల్లు మారే పనినీ చూసుకోలేనంత ఒత్తిడి ఉంటే, బిల్లు చూసి డబ్బే ఇచ్చేయడంలోనూ తప్పు లేదు. అది ఓటమి కింద లెక్క వేసుకోకండి.

అత్తగారి విషయానికి వస్తే, ఆవిడకు యాసిడ్ మీద నమ్మకం ఊరికే రాలేదు. పోసిన వెంటనే కళ్ళ ముందు తెల్లబడుతుంది. కళ్ళతో చూసిన దాన్ని మాటలతో కాదనలేరు, ఇంకోటి చూపించాలి. మీరు వాదించకుండా, ఆవిడ ఉన్నప్పుడు తాళంచెవి ఆవిడ చేతికే ఇచ్చి బాత్రూమ్ సందు ఒకటి, యాసిడ్ ఎప్పుడూ పోయని వంటింటి సందు ఒకటి గీకమనండి. ఒకచోట ఇసుక రాలుతుంది, ఇంకోచోట రాలదు. "అత్తయ్యా, మురికి మనం కడగకపోవడం వల్ల కాదు, సిమెంట్ కరిగిపోవడం వల్ల పడుతోంది" అని అప్పుడు చెబితే చేతకానితనం అన్న మాటకు చోటుండదు. స్టవ్ వెనక ఒక మూర సందును పర్‌కార్బొనేట్‌తో తెల్లబరిచి చూపించండి. మిగతా గోడ ఆవిడనే మొదలుపెట్టమన్నా అంటారు. ఈ మాట మీవారి నోట వస్తే ఇంకా తేలిక, బాబు దగ్గు సంగతి మాత్రం ఆయనే చెప్పాలి. ఎంతకీ మానలేకపోతే కమోడ్ లోపల టాయిలెట్ క్లీనర్ వాడుకోనివ్వండి, ఆ పింగాణీకి ఏమీ కాదు. నేల మీద మాత్రం వద్దు, బ్లీచ్ ఉన్న చోట అసలే వద్దు.

వెళ్ళబోయే ఇంట్లోనూ బోరు నీళ్ళే అయితే, రాత్రి చివరి స్నానం అయ్యాక నేలను వైపర్‌తో లాగి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అరగంట ఆడనివ్వండి, తలుపు తీసి ఉంచండి. కుళాయి కారుతుంటే వెంటనే వాషర్ మార్పించండి, ఇనుము చార మొదలయ్యేది అక్కడే. వారానికోసారి గిన్నెల లిక్విడ్ నీళ్ళు, నైలాన్ బ్రష్, నెలకోసారి పర్‌కార్బొనేట్ నీళ్ళు. కొత్త ఇంట్లో సామాను దించకముందే సందులన్నిటికీ తేదీ కనిపించేలా ఫొటోలు తీసి ఓనర్‌కు పంపండి.